మీట నొక్కిన వేలు, డబ్బిచ్చిన చెయ్యి, కనపడే ముఖం

ఫొటో స్టూడియో పెట్టడానికి ఇప్పుడు గది కూడా అక్కర్లేదు. కెమెరా, లాప్‌టాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ ఉంటే చాలు. కొట్టూ అదే, షోకేసూ అదే, బేరాలూ అందులోనే. తెనాలిలో మేం పని మొదలెట్టిన రోజుల్లో షోకేసంటే రోడ్డు వైపు ఉండే అద్దాల పెట్టె. అందులో బొమ్మ ఎవడన్నా ఎత్తుకుపోవాలంటే అద్దం పగలగొట్టాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు కెమెరాల గురించి నన్నేమీ అడగరు. లెన్సుల సంగతి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. అడిగేదల్లా "బాబాయ్, మన ఫొటో ఎవడో వాడేసుకుంటున్నాడు, ఏం చేద్దాం?" అని. నాలుగు నెలలు పోయాక అదే కుర్రాడు "వాళ్లమ్మాయి ఫొటో నా పేజీలో ఎందుకు పెట్టానని గొడవకొచ్చారు బాబాయ్" అంటూ వస్తాడు. మొదటిసారి తను బాధితుడు, రెండోసారి ముద్దాయి. అడగకుండా వాడుకోవడమే రెండు చోట్లా జరిగిందని మాత్రం వాడికి తట్టదు. వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. పెళ్లి ఫొటో నీది కాదు

చేదు మాట ముందే చెప్పేస్తాను. "తీసింది నేను, కాబట్టి ఫొటో నాది" అని మన వృత్తిలో దాదాపు అందరం అనుకుంటాం. నెగెటివ్‌ల కాలం నుంచి వస్తున్న నమ్మకం ఇది. ప్రింటు వాళ్లింట్లో, నెగెటివ్ మన దగ్గర. కవరు మీద నంబరు, తేదీ, ఇంటిపేరు రాసి బీరువాలో పెట్టేవాళ్లం. ఏళ్ల తర్వాత ఇంకో కాపీ కావాలన్నా మన గడపే తొక్కాలి. వస్తువు మన చేతిలో ఉంది గనక హక్కూ మనదే అనిపించేది.

1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ అలా చెప్పదు. ఫొటోకు కర్త తీసినవాడే, అందులో సందేహం లేదు. అయితే ఒకరు డబ్బిచ్చి పురమాయించి తీయించుకున్న ఫొటోకు, వీడియోకు కాపీరైట్ మొదటి యజమాని ఆ తీయించుకున్నవాళ్లే. వేరే ఒప్పందం ఉంటే తప్ప ఇంతే. అంటే పెళ్లి ఆల్బం పెళ్లివారిది. బారసాల ఆల్బం ఆ బిడ్డ తల్లిదండ్రులది. మనది పనితనం, కర్తగా మన పేరు, బేరం చేసుకున్న మొత్తం. ఒప్పందం ఉందంటారా, కాయితం చూపించమంటారు.

మరి నీ సొంతం ఏది? ఎవరూ పురమాయించకుండా నువ్వే వెళ్లి తీసుకున్నది. తెల్లారగట్ట కృష్ణ కరకట్ట మీద నిలబడి మంచులో పడవ తీశావనుకో, అది నీది. నీ జీవితకాలమూ, నీ తర్వాత 60 ఏళ్లూ నీదీ, నీ వారసులదీ. ఫొటోలకు ఇదివరకు గడువు వేరే లెక్కలో ఉండేది. 2012 సవరణ దాన్ని కథలకు, పాటలకు ఉన్న లెక్కలోకే తెచ్చింది. దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. ఫొటోకి 500 రూపాయల రుసుముతో రిజిస్టర్ చేయించుకోవచ్చు, కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుంది. తీసిన ప్రతిదానికీ అలా కట్టుకుంటూ పోతే మాత్రం కొట్టు మూసుకోవాల్సిందే.

ఇంకో తగాదా కూడా ఉంది. నెల జీతానికి పనిచేసే కుర్రాడు, స్టూడియో పంపిన పెళ్లిలో తీసిన ఫొటోలను రాత్రికి రాత్రి తన పేజీలో పెట్టుకుంటాడు. పురమాయించిన పెళ్లి ఫొటోల హక్కు పెళ్లివారిదే, ఉద్యోగంలో భాగంగా చేసిన మిగతా పని మీద హక్కు యజమానిది, ఏ లెక్కనా ఉద్యోగిది కాదు. రోజు లెక్కన పిలిచిన క్యాండిడ్ వాళ్లతో సంగతి ఇంత తేలిగ్గా తేలదు. అందుకే మెమొరీ కార్డు చేతికి ఇచ్చే ముందే మాట్లాడుకోవాలి.

2. తీయమన్నారు, చూపించమనలేదు

ఒక సాయంత్రం పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. కూతురి పెళ్లి ఫొటోలు తీసింది నేను కాదు, మా వీధి చివర కుర్రాడు. నలుగురికీ పెద్దాణ్ణని నా దగ్గరికి వచ్చాడు. కూర్చోకుండానే ఫోను నా బల్ల మీద పెట్టి "ఇదేందో చూడండి బాబాయ్ గారూ" అన్నాడు.

ఆ అమ్మాయే. బుట్టలోకి ఎక్కబోయే ముందు తీసిన ఫొటో. రెండు చేతుల్లో పసుపు పూసిన కొబ్బరిబొండాం, వంచిన తల, పైకెత్తిన కళ్లు. వెలుగు బాగా కుదిరింది, మా కుర్రాడు గట్టివాడే. ఫొటో మూలన ఎర్రటి చుక్కలో "రూ. 1,499 మాత్రమే". కింద "ఉప్పాడ పట్టు, ఫ్రీ డెలివరీ, రిటర్న్ లేదు". అమ్మే పేజీ ఎక్కడో ఉత్తరాది నుంచి నడుస్తోంది. "అల్లుడి ఆఫీసులో ఎవరో చూశారంట. మీ ఆవిడ చీరలకి మోడలింగ్ చేస్తోందా అనడిగారంట. పిల్ల రెండ్రోజులుగా అన్నం తినట్లేదు."

ఆ ఫొటో వెనక్కి ఎక్కడిదాకా పోతుందో కూర్చుని తీశాం. గూగుల్ లెన్స్‌లో పెడితే జాడలు వాటంతటవే బయటపడతాయి. కుర్రాడు తన పేజీలో పెట్టి, ముస్తాబు చేసిన ఆవిణ్ణి ట్యాగ్ చేశాడు. ఆవిడ తన పేజీలో పెట్టి, జాకెట్టుకి మగ్గం పని చేసిన షాపును ట్యాగ్ చేసింది. షాపువాళ్లు వాళ్ల పేజీలో పెట్టారు. అక్కడి నుంచి పెళ్లి చీరల బొమ్మలు పోగేసే పేజీ ఒకటి తీసుకుంది, పేర్లన్నీ ఊడిపోయాయి. చివరికి చీరలమ్మేవాడు. మొదటి ముగ్గురికీ చెడు ఉద్దేశం లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తమది కాని దాన్ని ఒకరికొకరు ఇచ్చుకుంటూ పోయారంతే. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

తండ్రి అడిగిన మొదటి ప్రశ్న "ఆ కుర్రాడి మీద కేసు పెట్టాలా, చీరలోడి మీదా?" నేను చెప్పింది విని ఆశ్చర్యపోయాడు. ఫొటోకు డబ్బిచ్చింది ఆయన, కాబట్టి కాపీరైట్ ఆయనదే. ముఖం కూతురిది. పనితనం కుర్రాడిది. చీరలవాడు ఆ ముగ్గురినీ ఒకే దెబ్బలో దోచుకున్నాడు. నాలుగో మనిషీ ఉన్నాడు, మగ్గం మీద కూర్చున్నవాడు. పెళ్లికూతురి అక్క పట్టుదలకి పోయి ఆ పేజీలో చీర తెప్పించింది. అసలు ఉప్పాడ జాందానీలో పువ్వు నేతలోనే పడుతుంది, వెనక్కి తిప్పినా పువ్వు పువ్వులాగే ఉంటుంది. వచ్చిన గుడ్డను తిరగేస్తే వెనకవైపు వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. పాలియెస్టర్ మీద కొట్టిన అచ్చు.

నేతగాడికి చట్టంలో ఉన్న రక్షణ ఎంతో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇక్కడ భ్రమ ఉంది. ఉప్పాడ జాందానీ, పోచంపల్లి ఇక్కత్ లాంటివాటికి 1999 భౌగోళిక సూచికల చట్టం కింద గుర్తింపు ఉంది. అది కాపాడేది పేరును. అచ్చు గుడ్డని "ఉప్పాడ" అని అమ్మితే తప్పు. పేరు చెప్పకుండా ఆ పువ్వులనే అచ్చేసి అమ్మితే ఆ చట్టం పట్టుకోలేదు. డిజైన్‌ను 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5 ఏళ్లు రక్షణ. చేయించుకోకుండా యంత్రాల మీద 50కి మించి కాపీలు తీస్తే ఆ డిజైన్‌కు కాపీరైట్ కూడా పోతుందని కాపీరైట్ చట్టమే 15వ సెక్షన్‌లో అంటోంది. కొత్త నమూనా వేసిన నేతగాడు డిజైన్ల ఆఫీసుకు దరఖాస్తు పెట్టడం నేనెక్కడా చూడలేదు. ఇది మన వృత్తికి దూరమే అయినా, చీర దగ్గరగా తీసి పేజీలో పెట్టే ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. కాపీ కొట్టేవాడికి మన క్లోజప్ కన్నా మంచి నమూనా ఏం దొరుకుతుంది?

ఇక ముఖం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, వ్యాపారుల మీద అసలు బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు మొదలవుతాయి. మనిషిని గుర్తుపట్టగల సమాచారం ఏదైనా ఆ చట్టం కిందికే వస్తుంది. అంతకన్నా గుర్తుపట్టించేది ముఖం కాక ఇంకేముంది? ఒక మెలిక చూడండి. ఆ అమ్మాయి తన ఫొటోను తనే అందరికీ కనపడేలా పెట్టుకుంటే ఆ చట్టం దానికి వర్తించదు. అదే ఫొటోను స్టూడియో పెడితే సంగతి వేరు. "వాళ్లు కూడా పెట్టుకున్నారు కదా బాబాయ్" అనే కుర్రాళ్లకు ఈ తేడా తెలియాలి.

ముస్తాబు గదిలో తీసే ఫొటోల దగ్గర ఇంకా జాగ్రత్త. ఆడమనిషి ఏకాంతంగా ఉన్న స్థితిలో తీసిన బొమ్మల విషయంలో, తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు చూపించడానికి ఒప్పుకోకపోతే చూపించడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆ గదిలోకి ఆడమనిషి ఫొటోగ్రాఫర్‌ను పంపండి. ఆ మెమొరీ కార్డు వేరే పెట్టండి.

3. ఫిర్యాదు ఎవరి పేరుతో పంపాలి

ఆ చీరల పేజీ మీద ఫిర్యాదు చేయడానికి రెండు దారులు. ఒకటి గోప్యత ఫిర్యాదు, రెండోది కాపీరైట్ ఫిర్యాదు. నేను చూసినంతలో రెండోదానికే ఈ కంపెనీలు చప్పున కదులుతాయి. ముఖం పోయిందన్న బాధ కన్నా ఆస్తి పోయిందన్న మాట వాటికి తొందరగా అర్థమవుతుంది. చెప్పుకోవడానికి బాగాలేదు కానీ ఉన్నమాట.

కాపీరైట్ ఫారం నింపేటప్పుడు ఒక గొయ్యి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు, ఈమెయిల్ అవతలివాడికి వెళ్లే అవకాశం ఉంటుంది. ముఖం దొంగిలించినవాడికి మన చేతులతోనే ఆ పిల్ల పేరూ చిరునామా అందించినట్టవుతుంది. అందుకని తండ్రి దగ్గర అధికార పత్రం రాయించుకుని, స్టూడియో పేరుతో, స్టూడియో ఈమెయిల్‌తో పంపించాం. హక్కుదారు తరఫున అధికారం ఉన్నవాళ్లు ఫిర్యాదు చేయవచ్చు, అందులో ఇబ్బంది లేదు.

పంపే ముందు ఆధారాలు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. పేజీ లింకు, తేదీ, ఆ పేజీ పేరు కనపడాలి. మన దగ్గర ఉన్న రా ఫైలు, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు. దొంగ దగ్గర ఒక్క జేపెగ్ ఉంటుంది. అదే క్షణంలో తీసిన, కళ్లు మూసుకుపోయిన నాలుగు ఫొటోలు వాడి దగ్గర ఉండవు. పనికిరానివని మనం తీసేసేవే ఇక్కడ గట్టి సాక్ష్యం.

మన కాపీరైట్ నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ సంస్థ దాన్ని ఆపాలి. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టేయవచ్చు. అంటే పేజీ మాయమైందని పండగ చేసుకోకూడదు. చీరలవాడి పేజీ పోయింది, ఇంకో పేరుతో లేచింది, మళ్లీ పంపించాం. మార్ఫింగ్ చేసినవీ, నగ్నంగా చూపించేవీ అయితే దారి వేరు. 2021 ఐటీ నిబంధనలు వాటికి 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణతో అది 2 గంటలకు తగ్గింది. 1930కి ఫోన్ చేసి, కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. పరువు పోతుందని దాచిపెట్టి, వాడు అడిగినంత పంపినవాళ్లను చూశాను. వాడు ఇంకా అడుగుతాడు.

ఇంకోమాట. కోపం కొద్దీ పోటీ స్టూడియోల మీద ఉత్తుత్తి నోటీసులు పంపేవాళ్లూ తయారయ్యారు. ఆధారం లేని బెదిరింపు నోటీసు అందుకున్నవాళ్లు తిరిగి నష్టపరిహారం అడగడానికి కాపీరైట్ చట్టంలో 60వ సెక్షన్ ఉంది.

4. వాటర్‌మార్క్

వేయండి. దాని మీద నమ్మకం పెట్టుకోకండి. మూలన వేస్తే కత్తిరిస్తారు, మధ్యలో వేస్తే ఫోనులోనే చెరిపేస్తారు. పేజీలో పెట్టేది చిన్న సైజు ఫైలే అయి ఉండాలి, పెద్దది ఎవరికీ పోకూడదు.

5. భంగిమ ఎవడబ్బ సొమ్మూ కాదు

"మన సెట్టింగ్ కాపీ కొట్టాడు బాబాయ్" అనే ఫిర్యాదు నా దగ్గరికి తరచుగా వస్తుంది. తామర చెరువులో తెప్ప, తెప్ప మీద జంట, చేతిలో లాంతరు. దాన్ని మొదట ఎవరు తీశారో దేవుడికి తెలియాలి. ఫిర్యాదుకొచ్చిన కుర్రాడు కూడా కేరళవాళ్ల పేజీలో చూసే తీశాడు.

ఆలోచన మీద కాపీరైట్ లేదు, ఆలోచనకు ఇచ్చిన రూపం మీదే ఉంటుంది. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చిన సంగతి ఇది. ఒక నాటక రచయిత తన 'హమ్ హిందుస్తానీ'ని 'న్యూ ఢిల్లీ' సినిమాగా తీశారని కోర్టుకెక్కాడు. రెండు రాష్ట్రాల వాళ్ల మధ్య ప్రేమ, ప్రాంతీయాభిమానం అనే వస్తువు రెండింటిలోనూ ఉన్నా, చెప్పిన తీరు వేరు గనక కాపీ కాదన్నారు. కాబట్టి తెప్పా లాంతరూ ఎవరైనా పెట్టుకోవచ్చు.

నీ ఫొటోనే ఎత్తుకెళ్లి తను తీసినట్టు పెట్టుకోవడం మాత్రం వేరే జాతి దొంగతనం. వేరే జిల్లా స్టూడియో ఒకటి మావాడి ఆల్బంలో పేజీలు చూపించి లక్షల బేరాలు కుదుర్చుకుంది. అక్కడ పెళ్లివారు ఫొటోలు చూసి ఏడ్చారు, చూపించింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. ఈ రకం మోసంలో ఎక్కువ నష్టపోయేది ఫొటోగ్రాఫర్ కాదు, అది చూసి బయానా ఇచ్చినవాడు.

కాపీరైట్ పెళ్లివారిదైతే నీకు అడిగే హక్కు ఉందా? ఉంది. యాజమాన్యం చేతులు మారినా కర్త పేరు కర్తదేనని కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఈ హక్కు ఎంత గట్టిదో అమర్‌నాథ్ సెహగల్ కేసు చూస్తే తెలుస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు ఆయన చేసిన పెద్ద కంచు శిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేసింది. డబ్బిచ్చి కొనుక్కున్నాం గదా అన్నది ప్రభుత్వ వాదన. 2005లో ఢిల్లీ హైకోర్టు కళాకారుడి పక్షాన తీర్పిచ్చి, శిల్పం తిరిగి ఇప్పించి, 5 లక్షల పరిహారం కూడా వేసింది. పేపరువాళ్లు మన ఫొటో వేసి కింద "సేకరణ" అని రాసినప్పుడల్లా నేను ఫోన్ చేసి పేరు అడిగేది ఈ ధైర్యంతోనే.

6. పాట పెళ్లిలో మోగొచ్చు, యూట్యూబ్‌లో మోగకూడదు

పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లి సంబరాల్లోనూ సినిమా పాట వేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. లైసెన్సు తీసుకోమని కల్యాణ మండపాలకు వచ్చి బెదిరించేవాళ్లకు ఆ మాట చెప్పొచ్చు. కానీ అదే పాటను హైలైట్స్ వీడియో కింద మిక్సింగ్ చేసి యూట్యూబ్‌లో పెడితే మినహాయింపు మనతో పాటు రాదు. అక్కడ కంటెంట్ ఐడీ అనే యంత్రం పాటను పసిగట్టేస్తుంది. చాలాసార్లు వీడియో ఉంటుంది, దాని మీద వచ్చే యాడ్ డబ్బులు పాట హక్కుదారుకి పోతాయి. అది క్లెయిమ్. హక్కుదారు నేరుగా తొలగించమంటే పడేది స్ట్రైక్. 90 రోజుల వ్యవధిలో మూడు పడితే ఛానలే ఎగిరిపోతుంది. ఏళ్ల తరబడి పెట్టిన పెళ్లిళ్లన్నీ దాంతోపాటే.

పెళ్లివారికి రెండు వీడియోలు ఇవ్వండి. ఇంట్లో చూసుకునేదాంట్లో వాళ్లకిష్టమైన పాట, బయట పెట్టేదాంట్లో లైసెన్సు కొన్న సంగీతం. లేకపోతే మన సన్నాయి మేళగాళ్లు వాయించినదే వేయండి. వాళ్లనీ అడగాలి సుమా, వాయించేవాళ్లకీ హక్కులున్నాయి.

7. మన కంప్యూటర్లో ఏముంది?

ఈ సంగతి ఫొటోగ్రాఫర్ల సంఘం మీటింగుల్లో ఎత్తితే అందరూ టీ తాగడానికి లేస్తారు. దొంగిలించారని ఊరంతా చాటే స్టూడియోలో ఫొటోషాప్ క్రాక్ చేసింది, ఆల్బం టెంప్లేట్లు ఎవరో పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చినవి, ఫ్లెక్సీల మీద అను ఫాంట్లు డబ్బు కట్టనివి. అసలువాళ్లు నోటీసు పంపితే దొంగకు తేలు కుట్టినట్టే. దొంగ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది.

శిక్ష సంగతి పక్కన పెట్టండి. క్రాక్ చేసినవాడు ఊరికే ఎందుకిస్తాడు? ఆ ఫైలుతో పాటు పాస్‌వర్డులు లాగే సరుకూ ఎక్కించి ఉండొచ్చు. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు తెలుగు సినిమాల పైరసీ సైటు నడిపాడంటూ ఒకణ్ణి అరెస్టు చేసినప్పుడు, లక్షల మంది ప్రేక్షకుల వివరాలు అతని దగ్గర ఉన్నాయని కూడా చెప్పారు. ఉచితంగా సినిమా చూశామనుకున్నవాళ్లు చెల్లించింది అదీ. మన కంప్యూటర్లో ఉన్నవి మన వివరాలు కావు, ఊళ్లో ఆడపిల్లల ఫొటోలు.

కనీసం అక్షరాల విషయంలో మనకి సాకు లేదు. మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి, సూరన్న లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఆల్బం మీదకీ ఫ్లెక్సీకీ నిక్షేపంగా వాడుకోవచ్చు. అవి వాడని స్టూడియోల వాళ్లని అడిగితే "అలవాటు లేదండీ" అంటారు.

8. హార్డ్ డిస్కులు, లింకులు, క్యూఆర్ బోర్డులు

నెగెటివ్‌ల బీరువాకు తాళం ఉండేది. ఇప్పుడు పెళ్లి మొత్తం ఒక డ్రైవ్ లింకులో ఉంటుంది, ఆ లింకు ఉన్నవాళ్లందరికీ తెరుచుకుంటుంది. పెళ్లికొడుకు దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో వేస్తాడు, అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఆల్బం ఇచ్చేశాక లింకు మూసేయాలి. పాడైన హార్డ్ డిస్కును రిపేరుకిచ్చి "మీరే ఉంచుకోండి" అనకూడదు. పనికిరానిదైతే సుత్తితో పగలగొట్టి పారేయండి.

ఈ మధ్య మండపాల గుమ్మం దగ్గర క్యూఆర్ బోర్డు పెడుతున్నారు. స్కాన్ చేసి సెల్ఫీ ఇస్తే ఆ ముఖం ఉన్న ఫొటోలన్నీ ఫోనుకు వచ్చేస్తాయి. చుట్టాలకి భలే సరదా. ఒక పెళ్లిలో నేను ఊరికే పరీక్షించాను. మా కోడలి ముఖం ఇంకో ఫోనులో చూపించి, దాన్నే సెల్ఫీగా తీశాను. ఆమె ఫొటోలన్నీ, వంగి పిల్లాడికి అన్నం పెడుతున్నవాటితో సహా, నా ఫోనుకొచ్చేశాయి. అంటే ఎవరి ఫొటో ఒక్కటి దొరికినా మిగతావన్నీ తెచ్చుకోవచ్చు. ఫోన్ నంబరుకు ఓటీపీ పంపి, వచ్చినవాళ్ల జాబితాతో సరిచూసే యాప్ అయితేనే వాడండి. పెళ్లయిన వారానికి ఆ ముఖాల లెక్కలన్నీ చెరిపేశామని యాప్‌వాడి చేత రాయించుకోండి.

పిల్లల ఫొటోలు వేరే సంగతి. 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి రుజువు కావాలి. ఉయ్యాల్లో వేసిన పసిగుడ్డును పేజీలో పెట్టొద్దు అని నేననను, తల్లి పెట్టుకుంటే పెట్టుకుంటుంది. మనం మన కొట్టు బోర్డు కింద ఎందుకు పెట్టాలన్నదే నా ప్రశ్న.

9. చనిపోయినవాళ్లను మాట్లాడించమంటే

పెళ్లి రిసెప్షన్‌లో ఎల్ఈడీ తెర మీద చనిపోయిన తాతయ్య లేచొచ్చి, మనవరాలిని ఆశీర్వదించే వీడియోలు ఇప్పుడు జోరుగా అడుగుతున్నారు. పాత పాస్‌పోర్టు ఫొటో ఒకటి, ఏదో వాయిస్ మెసేజి ఒకటి ఇస్తే ఏఐ చేసిపెడుతుంది. బాగా కుదిరితే మండపం మొత్తం కన్నీళ్లు పెట్టుకుంటుంది. కుదరకపోయినా పెట్టుకుంటుంది, అది వేరే కారణానికి.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో పుట్టించి తమ అనుమతి లేకుండా వాడారని 'కీడా కోలా' సినిమావాళ్లకు ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు ఇచ్చారు. అంత పెద్ద కుటుంబానికి నోటీసు ఇచ్చుకునే దారి ఉంది. మన తాతయ్యకు? ఒక కొడుకు అడిగి చేయించుకుంటే, ఇంకో కొడుకు "మా నాన్న చేత అనని మాటలు అనిపిస్తారా" అని వచ్చి నిలబడతాడు. నేనైతే అందరు బిడ్డల చేతా ఒప్పుకోలు రాయించుకుని, ఆయన బతికుండగా అన్న మాటలే వాడతానంటాను. పని పోయినా పోనీ.

బతికున్నవాళ్ల ముఖం మార్చే పని అసలు ముట్టొద్దు. సినీనటి రష్మిక ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకు అతికించిన కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. అభిమాన పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. ఫాలోవర్ల కోసమే!

10. కాయితం

లాయరు భాష అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఫొటోల హక్కు ఎవరిది. స్టూడియో ఏ ఫొటోలను, ఎక్కడ, ఎంత కాలం చూపించుకోవచ్చు. ఎంత కాలం అన్నది, ఎక్కడ అన్నది తప్పకుండా రాయండి. హక్కు రాసిచ్చే పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా అనీ చట్టం అనుకుంటుంది. ముస్తాబు చేసినవాళ్లకి, చీరల షాపుకి ఫొటోలు ఇవ్వొచ్చా. ఫైళ్లు ఎన్నాళ్లు దాచి ఎప్పుడు చెరిపేస్తాం. పేజీలో ఉన్నవి తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీసేస్తాం. చూపించుకోవడానికి ఒప్పుకుంటే బేరంలో కొంత తగ్గిస్తామని కూడా రాస్తాను, ఊరికే అడగడం నాకు నచ్చదు. కొందరు సంతోషంగా టిక్కు పెడతారు, కొందరు ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టి ఇస్తారు. రెండూ ఫైలులో ఉంటాయి.

సంతకాల దగ్గర తండ్రులు కొంచెం చిరాకు పడతారు. "డబ్బిచ్చేది నేను గదా, పిల్ల సంతకమెందుకు?" అంటారు. హక్కు గడి దగ్గర మీ సంతకం, ముఖం గడి దగ్గర అమ్మాయిదీ అబ్బాయిదీ అని చెబుతాను. పోయిన మాఘమాసంలో ఒకమ్మాయి తండ్రి ముందే టిక్కు పెట్టిన గడిని కొట్టేసి, పక్కన "మెహందీ చేతులు, పాదాలు మాత్రం పెట్టుకోవచ్చు" అని రాసి సంతకం చేసింది. మా కుర్రాళ్లు అవే పెట్టుకున్నారు.